బోల్ట్ లేని పిస్తోలు

మా మేనత్త చనిపోయిన నెలకు, తాండూరులో ఆమె అద్దెకున్న ఇల్లు ఖాళీ చేయడానికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా చేసి, రిటైరయ్యాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకున్న ఒక్క తమ్ముడికి నేను ఒక్క కూతుర్ని. అందుకని ఆమె బీరువా, కుట్టుమిషను, రెండు మంచాలు, ఆటల్లో గెలిచిన కప్పులు అన్నీ నా పాలికొచ్చాయి.

నేను వికారాబాద్ స్టేషన్లో టికెట్లిచ్చే కౌంటర్లో పనిచేస్తాను. ఆ రోజు సెలవు పెట్టి పొద్దున బండికే బయల్దేరాను. మధ్యాహ్నానికి చీరలన్నీ మూటలు కట్టేసి, బీరువా అడుగు అర లాగాను. పాత ఉన్ని కోటు ఒకటి మడతపెట్టి ఉంది. దాన్ని ఎత్తబోతే బరువుగా తగిలింది. కోటు లోపల మూరెడు పొడవు టేకు పెట్టె.

నాకు ఆ పెట్టె తెలుసు. తెలుసు కాబట్టే అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

ఇంటర్ చదివిన రెండేళ్ళు నేను అత్త దగ్గరే ఉన్నాను. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె కింద పేపరు పరిచి, ఆ పెట్టెలోంచి పిస్తోలు తీసి, నూనె గుడ్డతో తుడిచేది. ఆమె కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో గురి నేర్చుకుంది. తర్వాత ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక పెద్ద ఇంజనీరు, గురి పోటీల పిచ్చి ఉన్నాయన, ఆమె చెయ్యి చూసి ముచ్చటపడి, ఊరు విడిచి వెళ్ళేటప్పుడు తన పిస్తోలు లైసెన్సుతో సహా ఆమె పేరు మీదికి మార్పించి వెళ్ళాడట. "గిది మనుషుల్ని కొట్టేది గాదు, కాయితాన్ని కొట్టేది" అనేది అత్త. ఒకరోజు పెట్టె బీరువాలో కనిపించలేదు. అడిగితే "ఇచ్చేసిన" అంది. ఎవరికి అని నేను అడగలేదు. ఇరవై ఏడేళ్ళుగా అది లేదనే అనుకుంటున్నాను.

మూత తెరిచాను. సన్నటి పొడుగాటి గొట్టం, చేతికి తొడుగులాగా చెక్కిన కర్రపిడి. లోపల గుండు ఉందో లేదో తెలియదు. ఎట్లా చూడాలో తెలియదు. తాకితే పేలుతుందేమోనని మూత కూడా సగంలోనే వదిలేశాను. పెట్టె అడుగున లైసెన్సు పుస్తకం, రెన్యువల్ చేయించుకోమని వచ్చిన రెండు పాత ఉత్తరాలు ఉన్నాయి. పుస్తకంలో చివరి ముద్ర నేను ఇంటర్ చదివేనాటిది. అంటే అత్త ఇన్నేళ్ళూ దీన్ని లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకుంది. ఇప్పుడది నా చేతికొచ్చింది.

"ఏం దొరికింది బిడ్డా?" అంటూ ఇంటి ఓనరామె చాయ్ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది.

కోటు లాగి పెట్టె మీద వేశాను. "పాత కప్పులమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళాక పెట్టెను అరలో పెట్టి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దాచుకుని స్టేషనుకు నడిచాను. పెట్టెను వెంట తెచ్చే ధైర్యం లేదు. బండిలో ఏం తేకూడదో రాసిన బోర్డు నా కౌంటరు పక్కనే ఉంటుంది. పైగా మాది పెద్దల ఇల్లు కాదు. మా తాత ఒకరి చేనులో జీతమున్నవాడు. ఈ చుట్టుపక్కల తుపాకీ ఉన్నదంటే పటేళ్ళ ఇళ్ళలో ఉండేది. మా ఇంటి బీరువాలో దొరికిందంటే ముందు అడిగే మాట "మీకెక్కడిది?" అన్నదే. నాటు తుపాకీతో దొరికిన ఒకతన్ని పోలీసులు మా ప్లాట్‌ఫారం మీదనే మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం నేను కౌంటరు అద్దంలోంచి చూశాను. రైలు ధారూరు స్టేషను దాటేదాకా ఆ మనిషి మొహమే నా కళ్ళముందు ఉంది.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. ఇంటికొచ్చి చెప్తే, అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"కాగ్న వాగుల పడేద్దాం" అన్నాడు.

"దాని మీద నంబరున్నది. ఆఫీసుల అత్త పేరున్నది. రేపు ఏ జాలరోని వలకో తగిల్తే?"

"మరి పోలీసులకు చెప్పు."

"చెప్తే నన్ను పట్టుకుంటే?"

ఆయన మళ్ళీ అన్నం కలపసాగాడు. మూడు రోజులు అట్లాగే గడిపాను. బీదర్‌కు టికెట్టు అడిగినతనికి తాండూరుకు ఇచ్చాను. ఖాకీ బట్టల మనిషి కౌంటరు ముందుకొస్తే చిల్లర కింద పడేసేదాన్ని. రైల్వే పోలీసాయన రోజూ లాగే "నమస్తే మేడమ్" అన్నా, ఇవాళ ఎందుకు ఆగి అన్నాడని ఆలోచించేదాన్ని.

నాలుగో రోజు ఓనరామె ఫోను చేసింది. "రేపు సున్నమేసెటోళ్ళు వస్తున్నరు బిడ్డా. నీ బీరువా బయట వరండల పెట్టిస్త, ఫికర్ జెయ్యకు."

నలుగురు కూలీలు ఆ బీరువాను వంచి మోస్తున్నట్టు, లోపల ఆ పెట్టె దొర్లుతున్నట్టు కళ్ళకు కట్టింది. "వద్దమ్మా, పొద్దుగాల నేనొస్త, నేనొచ్చిందాక ముట్టనియ్యకు" అన్నాను. ఎందుకంత గాబరా అని ఆమె నవ్వింది.

మర్నాడు తాండూరులో దిగి నేరుగా ఇంటికి పోలేదు. అత్త వెళ్ళే చర్చికే వచ్చే ఒక పెద్దాయన బ్యాంకు దగ్గర గన్‌మ్యాన్‌గా ఉన్నాడు. మిలిటరీలో తుపాకులు బాగుచేసే పని చేసి వచ్చినవాడు. కర్ణాటక వైపు మనిషి, మాటలో కన్నడం కలుస్తుంది. అత్త అంత్యక్రియలప్పుడు శవపేటికకు భుజం పట్టింది ఆయనే. బ్యాంకు మెట్ల పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఇంకొకతన్ని కాపలా నిలబెట్టి, మేనేజరుకు చెప్పి నా వెంట వచ్చాడు.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, గొట్టం గోడవైపుకు తిప్పి, వెనకవైపు నుంచి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఖాళీ ఉంది. లోపలికి రా అమ్మా" అన్నాడు.

తర్వాత గొట్టం పక్కన అరిగిపోయిన గుర్తును వేలితో తడిమాడు. "జర్మనీ మాల్. యాభై అరవై ఏండ్ల కిందిది ఉంటది. పోటీలకే చేసింది. ఒక్కటే గుండు పెట్టాలె, కొట్టాలె, మళ్ళ పెట్టాలె. నంబరు పుస్తకంలది, దీని మీదిది ఒక్కటే. మీ అత్తది సాఫ్ ఉంది." అంటూనే ఆగిపోయాడు. పిస్తోలు వెనక ఖాళీగా ఉన్న చోటును చూపించాడు. "కానీ దీని బోల్ట్ లేదు."

గుండు వెనక గొళ్ళెంలాగా మూసుకునే ముక్కట అది. అది లేకపోతే మిగిలిందంతా కర్ర, ఇనుము.

"యాడన్న పడిపోయిందేమో" అన్నాను.

"పడిపోదమ్మా. తీస్తేనే వస్తది. తెలిసినోళ్ళు కావాలని తీసిండ్రు."

ముక్క లేని పిస్తోలు పోలీసులకిస్తే, ఆ ముక్క ఎవరికి అమ్మావని అడుగుతారని నా భయం. "హైదరాబాద్‌ల గసుంటి ముక్క కొనొచ్చా?" అని అడిగాను.

ఆయన పిస్తోలు పెట్టెలో పెట్టి నావైపు తిరిగాడు. "ఈ మాట నాతోనన్నవ్ సరే, ఇంకెవరితో అనకు. కాయితం లేకుంట ముక్క కొన్నా నేరమే. దొరికితే మీ అత్త దాచిన కాడనే దొరకాలె. లేకుంటే లేదు. ఇప్పుడే స్టేషన్‌కు పోదాం నడువు. పెట్టె ఇక్కడనే ఉండనీ. వాళ్ళే వచ్చి తీస్కపోతరు."

ఆయన పక్కన లేకపోతే నేను ఆ స్టేషను మెట్లెక్కేదాన్ని కాదు. ఎస్సై చిన్నవాడు. చెప్పిందంతా విని, జీపులో వచ్చి, ఓనరామె ముందే పంచనామా రాసి, పెట్టె స్వాధీనం చేసుకున్నాడు. వీధి వీధంతా గేట్ల దగ్గరికి వచ్చింది. పాత కప్పులని చెప్పినందుకు ఓనరామె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"మేడమ్, మీ అంతట మీరే వచ్చి చెప్పిండ్రు. మంచి పని చేసిండ్రు" అన్నాడు ఎస్సై. "కానీ బోల్ట్ సంగతి తేలాలె. అది ఇంకెవరి దగ్గరన్న ఉన్నదంటే, ఆ ఎవరో ఎవరని మేం అడగాల్సి వస్తది. సోమవారం దాక మంచిగ వెతకండి. దొరికితే ఫోన్ చేసి, సీదా ఇక్కడికి తీస్కరండి."

అది గురువారం. శుక్రవారం, శనివారం ఆ ఇంట్లో నేను వెతకని చోటు లేదు. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. కుట్టుమిషను సొరుగులు కింద బోర్లించాను. మెత్తలు విప్పి దూది పీకాను. కప్పులు ఒక్కొక్కటీ తలకిందులు చేశాను. గుండీలు, పాత విజిళ్ళు, నేను చిన్నప్పుడు రాసిన ఉత్తరాలు దొరికాయి. ముక్క దొరకలేదు.

శనివారం మధ్యాహ్నం అలిసిపోయి బండల మీద పడుకుని, ఎస్సై తీసుకుపోకముందు ఫోనులో తీసుకున్న లైసెన్సు పుస్తకం ఫొటోలు చూస్తున్నాను. రెన్యువల్‌కు పిస్తోలు చూపించాలి కదా. బోల్ట్ లేక చూపించలేకపోయింది. అందుకే ఆ తర్వాత ముద్ర లేదు. అంటే ముక్క తీసింది అత్త "ఇచ్చేసిన" అన్న ఏడాదిలోనే. ఆ ఏడాది ఏం జరిగిందని ఆలోచించాను. ఆలోచించాల్సిన పని లేదు. నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా దాన్ని తలచుకోకుండా బతికానంతే.

ఆ ఏడాది నేను లెక్కల్లో ఫెయిలయ్యాను. నాన్న ఫోను బూత్‌కు పిలిపించి "ఇగ చదివింది చాలు, ఇంటికి రా" అన్నాడు. మూడు రోజులు గడప దాటలేదు, సరిగా తినలేదు. నాలుగోనాడు అత్త బడికి వెళ్ళాక, వంటింటి మేకుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచాను. పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. మూత తెరవలేదు. పక్కనున్న బండల పాలిషింగ్ మిషన్లు అన్నం వేళకు ఆగిపోయాయి. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. ఎంతసేపు అట్లా కూర్చున్నానో చెప్పలేను.

అప్పుడు తలుపు తోసుకుని బడి ఆయమ్మ వచ్చింది. అత్త నాకోసం పంపిన టిఫిన్ క్యారియర్ ఆమె చేతిలో ఉంది. నన్ను చూసింది, పెట్టెను చూసింది.

"తుడుద్దామని తీసిన" అన్నాను.

ఆమె క్యారియర్ విప్పి, అన్నం కలిపి, ముద్దలు చేసి నా నోట్లో పెట్టింది. పెట్టె తనే బీరువాలో పెట్టి తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. అత్త ఆ తర్వాత నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. వారం లోపల "ఇచ్చేసిన" అంది. నాన్నతో గొడవపడి, నన్ను మళ్ళీ పరీక్షకు కట్టించింది.

లేచి కూర్చున్నాను. పోలీసుల భయం ఒక రకం. ఇది అది కాదు. ఆ పదిహేడేళ్ళ పిల్ల ఇంకొంచెం సేపు ఒంటరిగా ఉంటే ఏం చేసేదో నాకు తెలియదు.

ఆనాటి సంగతి అత్త కాక తెలిసింది ఆయమ్మ ఒక్కదానికే, ముక్క దాచి ఉంటే ఆమె దగ్గరే దాచి ఉండాలి. ఆమె బడిలో పని మానేశాక కరణ్‌కోటలో కొడుకు దగ్గర ఉంటోంది. కొడుకు రాళ్ళ గనిలో పనిచేస్తాడు. ఆదివారం పొద్దున్నే బస్సులో వెళ్ళాను. చెట్ల ఆకులు, ఇళ్ళ కప్పులు అన్నీ తెల్లటి దుమ్ముతో ఉన్నాయి. ఆయమ్మ రేకుల నీడకు మంచం మీద కూర్చుని ఉంది. ఒక కన్నుకు చూపు పోయింది.

"ఎవలు?"

"నేనే ఆయమ్మా. డ్రిల్లు టీచరమ్మ మేనకోడల్ని."

"వస్తవని నాకెర్కే" అంది. కోడల్ని చాయ్ పెట్టమని లోపలికి పంపి, మంచం కింది రేకుపెట్టె లాగమంది. అడుగున పాత పౌడరు డబ్బా. మూత తీస్తే నూనె గుడ్డలో చుట్టిన ఇనప ముక్క, చూపుడు వేలంత. తుప్పు లేదు.

"ఏడాదికొకపారి మీ అత్తనే వచ్చి నూనె రాసి పొయ్యేది" అంది ఆయమ్మ.

"నీకు భయం కాలేదా, గిది ఇంట్ల పెట్టుకోనికె?"

"కాకేంది బిడ్డా! పోలీసు బండి సప్పుడైతే నాకు పాణం పొయ్యేది. నా కొడుక్కు సుత చెప్పలె."

"మరి అత్తకు తిరిగి ఇయ్యకపోయినవా? నాకు నౌకరొచ్చె, పెండ్లాయె, పిల్లలైరి."

"అన్న. ఎన్నిసార్లన్ననో. 'టీచరమ్మా, పిల్ల మంచిగున్నది, గిది తీస్కపోయి సర్కారుకు అప్పజెప్పు' అన్న." ఆమె డబ్బా మూత పెట్టి నా చేతిలో ఉంచింది. "'జర ఉండనియ్యే' అనేది. మొన్న కిర్స్మస్‌కు సుత అదే మాట. 'పిల్ల నవ్వుకుంట మాట్లాడుతది గని, నాకు ధైర్యం చాలదు' అన్నది."

నాకు నలభై నాలుగేళ్ళు. ప్రతి పండక్కీ పిల్లల్ని తీసుకుని అత్త దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆమె నా పిల్లలకు ఈల వేయడం నేర్పేది, నేను వంట చేస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చునేది. అట్లా కూర్చున్నప్పుడల్లా నన్ను కనిపెట్టుకుని ఉందన్నమాట. ఆమెకు కనిపించింది నాలో ఇంకా ఉందా అన్న అనుమానం వచ్చి, డబ్బా పట్టుకున్న నా చేతుల్ని చూసి నేనే జడిశాను.

ఎస్సైకి ఫోను చేశాను. "నేరుగా వచ్చెయ్యండి" అన్నాడు. ఆటోలో ఒక్కదాన్నే కూర్చుని, డబ్బా హ్యాండ్‌బ్యాగులో పెట్టి, బ్యాగు రెండు చేతులతో కడుపుకు అదుముకున్నాను. బండల లారీ పక్కనుంచి దాటినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. "తబియత్ మంచిగ లేదా అమ్మా? దవాఖానకు పోనియ్యాల్నా?" అని ఆటో అతను రెండుసార్లు అడిగాడు.

స్టేషన్లో గన్‌మ్యాన్ పెద్దాయన్ని పిలిపించారు. ఆయన ముక్క నంబరు చదివి, పిస్తోలు నంబరుతో పోల్చి, "దీనిదే" అన్నాడు. ఎస్సై కాగితం ముందు పెట్టుకున్నాడు.

"ఎవరి దగ్గర దొరికింది?"

చెప్పక తప్పలేదు. "ఆమెకు డెబ్బై ఎనిమిది ఏండ్లు సార్. నడవలేదు. ఆమెనేం చెయ్యరు గద?"

"ఒక కానిస్టేబుల్ మామూలు బట్టలల్ల పోయి, ఒక మాట రాసుకొని వస్తడు. అంతే" అన్నాడు. తర్వాత పెన్ను ఆపి అడిగాడు. "మీ అత్త ఇదెందుకు తీసి వేరేచోట పెట్టినట్టు?"

గన్‌మ్యాన్ పెద్దాయన నావైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"ఇంట్ల చిన్నపిల్ల ఉండె సార్. అందుకని."

"ఎవరు?"

"నేనే."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, ఇంకేం అడగకుండా రాసుకున్నాడు. వారసురాలిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పాడు. వద్దన్నాను. నాకు వద్దని, సర్కారుకే అప్పగిస్తున్నానని రాసి సంతకం పెట్టాను. కానిస్టేబులు మర్నాడు కరణ్‌కోటకు వెళ్ళి వచ్చాడు. కేసేమీ పెట్టలేదు.

ఆ ఆదివారం సాయంత్రం వికారాబాద్ స్టేషన్లో దిగేసరికి మా ఆయన మోటారు సైకిలు తెచ్చి నిలబడి ఉన్నాడు. "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నాను. బండి స్టార్ట్ చెయ్యబోతుంటే ఆగమని, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. లెక్కల్లో ఫెయిలైన సంగతి ఆయనకు తెలుసు. పెట్టె ఒళ్ళో పెట్టుకున్న సంగతి పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన బండి తాళంచెవులు జేబులో పెట్టుకున్నాడు.

"ఆయమ్మ రాకుంటే?" అని అడిగాడు.

"తెల్వది" అన్నాను. అది నిజం. అబద్ధం చెప్పి ఆయనకు ధైర్యమివ్వొచ్చు, కానీ అబద్ధం నోటికి రాలేదు.

ఆయన లేచి బండి తీయలేదు. తర్వాతి రైలు వచ్చి, జనం దిగి, మళ్ళీ ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా నా పక్కనే కూర్చున్నాడు. మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి తాండూరు వెళ్ళి, మిగిలిన సామాను ఎత్తించి, ఓనరామెకు తాళాలు అప్పజెప్పి వచ్చాం.